గవదల గొలుసు

ఖదీజా గొలుసు ఆ కాలనీలో ఖదీజా కన్నా ఎక్కువ ఇళ్లు తిరిగింది. గండికోట నీళ్లలో ఊరు మునిగిపోయాక జమ్మలమడుగు దారిలో కట్టిన కాలనీ అది. ఇళ్లన్నీ ఒకే కొలత, ఒకే సున్నం. ఏ ఇల్లు ఎవరిదో వాకిట్లో కట్టేసిన జీవాలను బట్టి, తీగ మీద ఆరేసిన బట్టలను బట్టి చెప్పుకోవాలి. ఖదీజా ఇంటికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. గవదబిళ్లలు లేచిన పిల్లను చంకనేసుకుని ఎవరు ఏ సందులోంచి వచ్చినా కుట్టుమిషన్ చప్పుడు వినిపించే గడప ముందే ఆగేవారు.

గవదలకు మెడలో బంగారు గొలుసు వేస్తే వాపు దిగుతుందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. గవదలు వారం పదిరోజుల్లో వాటంతట అవే పోతాయని కూడా అందరికీ తెలుసు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసే తీరిక మాత్రం ఎవరికీ దొరకలేదు. ఖదీజాకు అసలే దొరకలేదు. కువైట్‌లో పరాయి వంటింట్లో ఏళ్ల తరబడి నిలబడి, వస్తూ వస్తూ కొనుక్కున్న గొలుసు అది. పొడుగుది. ముట్టుకుంటే చల్లగా ఉండేది. ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఇక్కడ ‘ఖదీజమ్మ గొలుసు’ అంటే ముసలివాళ్లు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ మాట తనకు ఎంత తీపో ఆమె పైకి ఒప్పుకోదు గానీ, గొలుసు అడగడానికి వచ్చినవాళ్లను కాసేపు కూర్చోబెట్టి, టీ పోసి, నిదానంగా బీరువా తెరిచే తీరులోనే అది తెలిసిపోతుంది.

తిరిగి ఇచ్చేటప్పుడు పసుపునీళ్లలో కడిగి తమలపాకులో చుట్టి ఇచ్చేవారు. మెడలు మారీ మారీ కొక్కెం వదులైపోతే, ప్రొద్దుటూరు తీసుకుపోయి కొక్కెమే తీయించేసి రెండు కొసలూ అతికించింది ఖదీజా. అప్పటినుంచి తల మీదుగా రెండు వరుసలుగా వేసుకోవడమే. వాపు దిగేదాకా తీయకూడదన్నది నియమం. ఆ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు.

గొర్రెలు మేపే కాటమయ్య పెళ్లాం పెద్దసుబ్బమ్మ వచ్చిన మధ్యాహ్నం, ఖదీజా మిషన్ మీదే చెంప ఆనించి కునుకు తీస్తోంది. సూది కింద సగం కుట్టిన రవికె ఉంది. ఎండలో దూరంగా జలాశయం తళతళలాడుతోంది. ఎండాకాలం ఆ వెలుగు గోడల మీద పడి ఇల్లంతా నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది. అలాంటప్పుడు ఆమెకు ఎప్పుడూ ఒకటే కల. పాత ఊరు నీళ్ల అడుగున చెక్కుచెదరకుండా ఉంటుంది. కాటమయ్య జీవాలు దాని వీధుల్లో మెల్లగా నడిచిపోతుంటాయి. ఇంటింటి ముందూ ఎవరో నిలబడి తన గొలుసును ఒక మెడలోంచి తీసి ఇంకో మెడలో వేస్తుంటారు. చప్పుడు ఉండదు. అందరూ తనవైపు చూసి తల ఊపుతుంటారు.

"ఖదీజా! మ్మే, నిద్రపోతాండావా?" సుబ్బమ్మ గడప పట్టుకుని నిలబడింది. "మీ మామకు గవదలు లేచినాయి మే. ముసిలోనికి ఇదేం సోకు అని నగుతాండారు అందరూ. గొలుసియ్యి తల్లీ."

"పెద్దోళ్లకు గూడా వస్తాయిలే అక్కా," అంది ఖదీజా లేస్తూ. "పెద్దోళ్లకు వస్తే ఇంకా గట్టిగా వస్తాయి. పద, నేనే వచ్చి ఏస్తా."

కాటమయ్య వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గొర్రెపిల్ల ఒకటి అతని పంచె కొస నములుతోంది. వాపు చెవుల కింద లేదు. గదమ కింద, గడ్డం అడుగున రెండు పక్కలా, సంచి కట్టినట్టు ఉంది. ఖదీజా అది చూసింది. చూసి ఏమీ అనుకోలేదు. గవదలకని పిలిచారు, గవదలే చూసింది.

అతను ఏదో చెప్పబోయాడు. వేడి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చింది మాట. అర్థం కాక ఆమె ముందుకు వంగితే, చూపుడువేలు ఎత్తి నోటివైపు చూపించాడు.

"నువ్వు గుమ్మునుండప్పా," అంది సుబ్బమ్మ. "మాట్లాడితే ఇంగా ఎక్కువైతాది. ఆకలంట మే ఆయప్పకు. పొద్దన్నుంచి ఏం తినల్యా."

ఖదీజా తువ్వాలు తీసి, తల మీదుగా ఒక వరుస దించింది. మెలి తిప్పి రెండోది దించేటప్పుడు గదమ దగ్గర పట్టింది. వేలితో సర్ది, కొంచెం బలవంతం మీద దించింది. నల్లటి మెడ మీద గొలుసు మెరిసింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు హమ్మయ్య అన్నారు. కాటమయ్య చేయి ఇంకా నోటి దగ్గరే ఉంది. కాసేపటికి అదే కిందికి వాలిపోయింది.

*

మరునాడు వాపు పెరిగింది. వీధి చివర సూదులేసే ఆర్ఎంపీ వచ్చి, గొలుసు చూసి, "ఓ, వేసినారా, మంచిదే," అని ఒక సూది వేసి, నొప్పి బిళ్లలిచ్చి పోయాడు. దవడ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడే గానీ నోరు తెరవమనలేదు. తెరవమన్నా కాటమయ్యకు తెరుచుకునేది కాదు. పళ్ల మధ్య వేలు దూరేంత సందు కూడా లేదు.

"ఏంది మే ఇట్ల పెరిగింది?" సుబ్బమ్మ గొంతులో మొదటిసారి భయం వినిపించింది. "జమ్మలమడుగుకు తీసకపోదామా?"

అందరూ ఖదీజావైపు చూశారు. అదే ఆమెకు తర్వాత మరుపు రాలేదు. డాక్టరు వైపు చూసినట్టు చూశారు. ఆ చూపులో ఎంత బలం ఉందంటే, ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"కొందరికి ముందు పెరిగే దిగుతాది అక్కా. రేపు సూద్దాం. ఇప్పుడు తీస్తే గుణం పోతాది."

కాటమయ్య తలవంచుకుని తువ్వాల్లోకి చొంగ కారుస్తున్నాడు. నీళ్లు తాగిస్తే ఒక గుక్క లోపలికి పోకుండా బయటికే వచ్చేసింది. ఒళ్లు కాలిపోతోంది. కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. ఆ కళ్లు ఆమెను, సుబ్బమ్మను, మళ్లీ ఆమెను చూశాయి. ఖదీజా చూపు తిప్పుకుని గొర్రెపిల్ల నోట్లోంచి పంచె కొస లాగేసింది.

ఆ రోజు కునుకులో కల కొంచెం మారింది. నీళ్ల అడుగున ఊరు అలాగే ఉంది గానీ కాటమయ్య వీధిలో లేడు. ఊరి బయట పీకల్లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. గదమ పైకెత్తి, ముక్కు నీళ్ల మీద ఉంచుకుని, కదలకుండా ఆమెనే చూస్తున్నాడు. మెలకువ వచ్చాక కూడా ఆ గదమ ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు. రవికె మీద కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టింది, మళ్లీ వంకర పోయింది.

తెల్లవారి పాలకని బయటికి వచ్చినప్పుడు, పొద్దెక్కుతున్నా కాటమయ్య జీవాలు ఇంకా దడిలోనే ఉండి అరుస్తున్నాయి. దడి తెరవని రోజంటూ ఆ ఇంట్లో లేదు. ఖదీజా గిన్నె అక్కడే పెట్టేసి పరుగెత్తింది.

కాటమయ్య మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. గదమ పైకెత్తి ఉంది, అచ్చం కలలోలాగే. ఊపిరి లోపలికి పోయేటప్పుడు కీచుమంటోంది. పడుకోబెడదామని సుబ్బమ్మ భుజాలు పట్టుకుంటే, కళ్లు పెద్దవి చేసి ఆమె చేతులు నెట్టేశాడు. గొలుసు పై వరుస ఎక్కడుందో కనిపించలేదు. వాపులో పూడుకుపోయింది. చర్మం ఎర్రగా బిగిసి ఉంది. ఖదీజా వేలితో నొక్కింది. మెత్తగా ఉండాల్సింది, చెక్కలా తగిలింది.

"యా అల్లా," అంది. "ఇవి గవదలు కాదు అక్కా. నాకేం తెల్దు. నాకేం తెల్దు అక్కా, పోదాం పద."

*

పక్కింటి అమ్జద్ ఆటో తెచ్చాడు. ఆసుపత్రి దారిలో కాటమయ్య మాటిమాటికీ ముందుకు తూలి, తల ఎత్తి గాలి పీల్చుకుంటుంటే, ఖదీజా అతని నుదుటికి అరచేయి ఆనించి పట్టుకుంది. ఇంకో చేత్తో గొలుసు కింది వరుసను దూరంగా లాగి పట్టుకుంది, అదేదో సాయం చేసినట్టు. జమ్మలమడుగులో ఉన్న డాక్టరు దించనే దించనివ్వలేదు. ఆటో దగ్గరికే వచ్చి చూసి, ఒక సూది వేయించి, అంబులెన్సు పిలిచి, ప్రొద్దుటూరుకు ఫోను చేశాడు. దారి పొడవునా సుబ్బమ్మ కొంగుతో మొగుడి చొంగ తుడుస్తూనే ఉంది. కిటికీలోంచి అరటితోటలు, బీళ్లు, ఎర్రమట్టి వెనక్కి పోతుంటే, ఖదీజాకు తాము కదలడం లేదనీ, నేలే నీళ్లలా పక్కనుంచి పారుతోందనీ అనిపించింది.

ప్రొద్దుటూరులో చెవి, ముక్కు, గొంతు డాక్టరు పద్మావతి చిన్న మనిషి. ఆమె మెడ చూడలేదు. ముందు అతని ఎదురుగా గొంతుక్కూర్చుని, కళ్లలోకి చూసి, "తాతా, ఏ పన్ను నొప్పి పుట్టింది మొదట?" అని అడిగింది.

కాటమయ్య చూపుడువేలు లేచింది. నోటివైపు, కుడిపక్క కింది దవడ చివరివైపు చూపించింది. రెండు రోజుల కిందట వేపచెట్టు కింద లేచిన వేలే అది.

డాక్టరు పళ్ల సందులోంచి లైటు వేసి చూసింది. పక్కన నిలబడ్డ ఖదీజాకు కూడా కనిపించింది. నాలుక ఉండాల్సిన చోట లేదు. నోటి అడుగు మొత్తం ఉబ్బి దాన్ని అంగిట్లోకి ఎత్తిపట్టింది.

"దవడపన్ను పుచ్చి చీము పట్టింది. అది కిందికి దిగి గదమ కింద రెండు పక్కలా పాకింది, మెడలోకి పోతా ఉంది," డాక్టరు సుబ్బమ్మకు చెబుతూనే నర్సుకు చేత్తో సైగలు చేస్తోంది. సూదితో వేలు పొడిచి చూసిన నర్సు, చక్కెర బాగా ఎక్కువగా ఉందని చెప్పింది. "షుగరుందని తెలుసామ్మా మీకు?"

"షుగరా? ఆయప్ప జొరం గూడా ఎరగడు."

"స్కానింగు తీస్తే ఎంతవరకు పాకిందో తెలుస్తుంది. కానీ ఈయన్ని పడుకోబెట్టలేం. పడుకుంటే నాలుక వెనక్కి పడి గాలి ఆగిపోతుంది. ముందు గొంతు కింద చిన్న రంధ్రం చేసి గాలికి గొట్టం పెట్టాలి. కూర్చున్నట్టే ఉంచి, మత్తు ఆ చోటికే ఇచ్చి చేస్తాం. తర్వాత చీము తీస్తాం, పన్ను పీకేస్తాం. ఇప్పుడే చేయాలి." ఆమె వేలు మెడ మీద ఆగింది. "ఇదేంది, గొలుసా? తీయండి."

నర్సు కొక్కెం కోసం మెడ వెనక వెదికింది. కొక్కెం లేదు. కింది వరుస పట్టి తల మీదుగా లాగబోతే వాపులో పూడిన వరుస ఇంకా బిగిసింది. కాటమయ్య ఊపిరి కీచుమంది.

"కత్తిరించండి," అంది డాక్టరు. ఎముకల విభాగం నుంచి తీగలు కోసే కత్తెర తెచ్చారు.

అప్పుడు సుబ్బమ్మ చేసిన పని ఎవరూ అనుకోనిది. మొగుడి మెడ మీద రెండు చేతులూ కప్పేసింది.

"కొయ్యొద్దు తల్లీ! నీ కాళ్లు పట్టుకుంటా. అది మాది గాదు. ఈయమ్మ సొమ్ము. దేశంగాని దేశంలో అంట్లు తోమి సంపాదించుకుండేది. కోస్తే నేను ఏం పెట్టి తీర్చుకునేది? రేప్పొద్దన ఈయమ్మకు ఏం మొగం సూపీల?"

"అమ్మా, ఊపిరి పోతా ఉంది ఆయనకి!"

"కొంచెం నూనె రాసి లాగు తల్లీ. మెల్లగా లాగితే వస్తాది."

డాక్టరు ఖదీజావైపు తిరిగింది. ఒక్క మాట చాలు. ఆ మాట ఖదీజా నోట్లోంచి రాలేదు.

ఒక్క ఊపిరి సేపు రాలేదు. ఆ ఊపిరిలో ఆమె ప్రొద్దుటూరులో లేదు. పరాయి వంటింట్లో గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి నిలబడి ఉంది. గొలుసు ఇంకా కొనలేదు, ఎవరి మెడలోనూ వేయలేదు, ఎవరూ ఆమెను ఖదీజమ్మా అని పిలవలేదు. గొలుసు తెగితే మళ్లీ ఆ నీళ్లలోకే పోతానని భయమేసింది. సిగ్గుపడాల్సిన భయమే. కానీ వేసింది. కళ్లెత్తితే కాటమయ్య ఆమెనే చూస్తున్నాడు. గదమ పైకెత్తి, గాలి కోసం పాకులాడుతూ, ఆమె ఆలోచించడం చూస్తున్నాడు.

"కొయ్యండి మేడమ్," అంది ఖదీజా. "గొలుసు నాదే. అక్కా, చేతులు తియ్యి. తియ్యక్కా!"

సుబ్బమ్మ చేతులను ఆమే విడదీసి, తన పొట్టకు అదుముకుని పట్టుకుంది. కత్తెర రెండుసార్లు టక్కుమంది. తలుపులు మూసుకున్నాయి. బయట బల్ల మీద ఆడవాళ్లిద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్నారు. ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. గోడ మీద ఎక్కడిదో ఎండ వెలుగు కదులుతోంది. ఖదీజా దాన్నే చూస్తూ, నీళ్లు దిగాలి, నీళ్లు దిగాలి అనుకుంటూ ఉండిపోయింది.

*

నీళ్లు దిగాయి. గొట్టంలోంచి గాలి సాఫీగా ఆడుతున్న చప్పుడు మొదటిసారి విన్నప్పుడు సుబ్బమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. గదమ కింద రెండు పక్కలా కోసి చీము తీశారు. ఆ వాసన గదంతా పట్టింది. పీకిన పన్నును నర్సు స్టీలు పళ్లెంలో చూపించింది. చిన్నది, నల్లగా తొలిచినట్టుంది. ఇంత చేసింది ఇదా అని ఖదీజా దాన్ని చాలాసేపు చూసింది. గొలుసు ముక్కలు గాజుగుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చారు. పసుపు వాసన ఇంకా పోలేదు. మందుల వాసన కూడా చేరింది.

రోజూ సూదిమందులు ఎక్కాయి, చక్కెర దిగింది, కట్లు మారాయి. గొట్టం మార్చాక, దాని మీద వేలు పెట్టుకుని మాట్లాడడం డాక్టరు నేర్పింది. కాటమయ్య వేలు పెట్టి, గాలి కూడదీసుకుని, మొదటి మాట అన్నాడు.

"జీవాలు?"

"అమ్జద్ మేతకు ఇడుస్తాండాడు. వీధి పిల్లోళ్లు సూసుకుంటాండారు," అంది సుబ్బమ్మ. ఆనందంతో ఆమెకు కోపం వచ్చింది. "పెండ్లాం ఎట్లుండాదని అడగడు సూడు!" అంటూ గిన్నె కడగడానికి బయటికి పోయింది.

ఖదీజా బత్తాయి ఒలుస్తోంది. పులివెందుల నుంచి వచ్చిన బండిలో కొన్నవి. రసం గాజుగుడ్డలో పిండుతూ, తల ఎత్తకుండానే అంది.

"మామా, నువ్వు మొదటి రోజే నోరు సూపిచ్చినావు. నేను సూడల్యా. మర్నాడు ఆసుపత్రి అంటే నేనే వద్దన్యా. ఆడ గూడా, కత్తెర తెచ్చినాక గూడా, నేను..."

కాటమయ్య వేలు గొట్టం మీదికి పోయింది.

"సూసినా," అన్నాడు. ఒక ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు ఆలోచన సేసింది సూసినా." ఇంకో ఊపిరి. "కొయ్యమనింది గూడా ఇన్న్యా."

వేలు తీసేశాడు. ఆ విషయం అంతటితో అయిపోయింది అతనికి. రసం కోసం చేయి చాపాడు.

*

కాలనీకి తిరిగొచ్చేసరికి కథ వాళ్లకన్నా ముందే వచ్చి కూర్చుంది. కాటమయ్యకు ప్రాణగండం వచ్చిందట. ఖదీజమ్మ గొలుసు ఆ గండాన్ని తన మీద వేసుకుని ముక్కలైందట. లేకపోతే ఆ నిక్షేపంలాంటి గొలుసు ఎందుకు తెగుతుందని వాదించుకున్నారు. కత్తెరతో కోశారని సుబ్బమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా, కత్తెర పట్టేలా చేసింది ఎవరు మరి అని అడిగారు. పన్ను గురించి, షుగరు గురించి చెబితే మర్యాదగా విని, మళ్లీ గొలుసు దగ్గరికే వచ్చారు. ఖదీజా ఇంటి ముందు నడిచేటప్పుడు ఇప్పుడు గొంతులు మునుపటికన్నా తగ్గాయి. ఆ గౌరవం ఆమెకు ఇదివరకు తీపి. ఇప్పుడు ముద్ద దిగనివ్వలేదు.

గవదల కాలం ఇంకా పోలేదు. ఒక ఉదయం పక్క సందు నిర్మలమ్మ కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. పిల్లకు చెవి కింద బుగ్గ ఉబ్బి ఉంది.

"గొలుసియ్యి మే. తెగిందైనా పర్వాల్యా. ఆ ముక్కకే ఇప్పుడు గుణం ఎక్కువంట, దారం కట్టి ఏస్తా."

గొలుసు ముక్కలు కుట్టుమిషన్ సొరుగులో, దారపుకండెల కింద ఉన్నాయి. ఖదీజా మోకాలు ఆ సొరుగుకే తగులుతోంది. అతికించుకోవడానికి ప్రొద్దుటూరు పోదామని బయలుదేరి, బస్సెక్కకుండానే వెనక్కి వచ్చింది. అతికిస్తే మళ్లీ ఏదో మెడ.

"లేదు నిర్మలమ్మా," అంది. "అమ్మేసినా."

"అమ్మేసినావా!"

"తెగిపోయినంక ఏం సేసుకుంటా? అమ్మేసినా. పాపను ఆసుపత్రికి తీసకపో. పది గంటల బస్సు ఉండాది."

నిర్మలమ్మ ముఖం మారిపోయింది. "ఊరి పిల్లోళ్లను కాపాడే సొమ్ము మే అది! అమ్ముకునేకి నీకు మనసెట్ల వచ్చింది? అబద్ధం చెప్తాండావు. ఇయ్యలేక చెప్తాండావు!"

జీవాలను తోలుకుంటూ కాటమయ్య అప్పుడే ఆ సందులోకి వచ్చాడు. మెడకు తువ్వాలు చుట్టి ఉంది. ఆగి, సంగతి విన్నాడు. ఖదీజావైపు చూడలేదు. తువ్వాలు సర్దుకుని, ఇంకా బొంగురుగానే ఉన్న గొంతుతో అన్నాడు.

"అమ్మేసిందిలే మే. నా కండ్లతో సూసినా."

జీవాలను అదిలించుకుంటూ వెళ్లిపోయాడు. నిర్మలమ్మ మెటికలు విరిచి, తిట్టుకుంటూ బస్సు దారి పట్టింది. మధ్యాహ్నానికల్లా ఖదీజా పిసినారితనం కాలనీ అంతా తిరిగింది. గొలుసు తిరిగినన్ని ఇళ్లూ తిరిగింది. కుట్టడానికి ఇచ్చిన రవికె గుడ్డను ఒకామె వెనక్కి అడిగి తీసుకుపోయింది. ఖదీజా మిషన్ మీద చెంప ఆనించింది. ఆ రోజు కునుకులో నీళ్ల అడుగున ఊరు ఉంది గానీ వీధుల్లో ఎవరూ లేరు. ఆమెను చూసి ఎవరూ తల ఊపలేదు. బాధగానే ఉంది. అయినా చాలా రోజుల తర్వాత గట్టిగా నిద్ర పట్టింది.

సాయంత్రం బస్సు దిగి నిర్మలమ్మ తిన్నగా ఆమె గడప ముందుకే వచ్చి నిలబడింది. పిల్ల భుజం మీద నిద్రపోతోంది.

"గవదలేనంట!" అంది కసిగా. "వట్టి గవదలు. వాటంతట అవే పోతాయంట. ఈ మాత్రానికి ఎండలో బిడ్డను ఏసుకోని అంత దూరం తిరిగొచ్చినా. నువ్వు ఆ గొలుసు అమ్ముకోకుంటే నాకీ పాట్లుండునా?"

ఖదీజా మిషన్ చక్రం మీద చేయి ఆపింది.

"నోరు తెరిపిచ్చి సూసినారా?"

"సూసినారు. లైటేసి, నాలిక ఎత్తిచ్చి, పండ్లన్నీ సూసినారు. అయితే ఏంది?"

"ఏం లేదు," అంది ఖదీజా, చక్రం తిప్పుతూ. "సూసినారు గదా. అంతే."